పెదనాయన చేలో మన్ను

ఆ మాట అన్నప్పుడు మా పెదనాయన నోట్లో ఆకువక్క ఉంది. నమిలి, ఉమ్మి, టీ అంగట్లో అందరూ వినేలా మళ్ళీ అన్నాడు.

"నీ నేల సచ్చిపోయిండాది రా. పీనుగకు నీళ్ళు పోస్తాండావు."

అన్నది మా నాయనను. ఏటా గొర్రెల మందలను చేలో నిలిపి, ఆ పెంటికలతో మూడెకరాలను సాకిన మనిషి ఆయన.

పక్కపక్కనున్న రెండు చేలూ కలిపి ఇస్తేనే సోలార్ పలకలవాళ్ళు తీసుకుంటారట. నాయనను ఒప్పించాలని పెదనాయన తెలిసినవాణ్ణెవణ్ణో పిలిచి, నడి ఎండాకాలంలో మా మట్టికి పరీక్ష చేయించాడు. మూత బిగించిన సీసాలో మట్టి, లోపలే చిన్న గిన్నెలో గులాబీ రంగు వచ్చేలా మందు కలిపిన సున్నపుతేట. మట్టిలోని సూక్ష్మజీవులు ఊపిరి వదిలితే ఆ రంగు విరిగి తెల్లబడాలి. మరునాటికీ విరగలేదు. సోమవారం సోలార్ వాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టేస్తానన్నాడు నాయన. ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను అనంతపురంలో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. కబురు విని ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి ఎండిన మట్టిని అట్లాగే సీసాలో పోస్తే ఏం ఊపిరి తీస్తుంది, వాడి తలకాయ! మా నేల తడి తగిలితేనే లేస్తుంది.

శనివారం బస్సు దిగి తిన్నగా పెదనాయన దగ్గరికే పోయాను.

"మా మన్ను తవ్వినావు కదా పెదనాయనా, ఇప్పుడు నీ మన్ను నీ చేత్తోనే తవ్వు."

"నాదానికేమి పాపా, బంగారం!"

నవ్వుతూనే తవ్వాడు. జీవముండే పైమట్టంతా ఇటుక బట్టీకి తోలిన సంగతి మరిచాడో ఏమో. టీ అంగడి అరుగు మీద, పదిమంది ముందు, రెండు సీసాల్లో మాదీ ఆయనదీ మట్టి పోసి, రెండింటికీ ఒకే కొలతలో నీళ్ళు చల్లి, గులాబీ సున్నపుతేట గిన్నెలు లోపల పెట్టి మూత బిగించాను. మూతల మీద కాగితాలు అంటించి ఆయన చేతే సంతకాలు పెట్టించాను.

మరునాడు సాయంత్రానికి మా గిన్నెలో రంగు విరిగి తెల్లబడింది. ఆయనదాంట్లో గులాబీ రంగు చెక్కుచెదరలేదు.

"ఏమప్పా, బంగారం యాడుండాది?" అన్నాడు అంగడాయన.

"పీనుగ ఎవరి చేలో ఉండాదో సూస్కో పెదనాయనా," అన్నాను, గట్టిగానే. అందరూ నవ్వారు. నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు?

నాయన నన్ను పక్కకు పిలిచాడు. సంతకం పెట్టనని చెప్పి, మెల్లగా అన్నాడు. "వచ్చే మందను అన్న చేలో నిలుపుదాం లేమ్మా. మన్నేం పాపం చేసినాది?"

"నిలుపు నాయనా. నీ దయ నీది."

మా సీసా కడిగేశాను. ఆయనది మాత్రం మూత తీయకుండా, ఆయన సంతకంతో సహా, టీ అంగడి కిటికీలో పెట్టి బస్సెక్కాను. పెదనాయన రోజూ పొద్దున టీ తాగేది అక్కడే.