ముసుగు తీసిన లాంతరు

మా బావగారు పోయారు. మా అక్క పెనిమిటి. పోయిన పక్షంలో, సందెవేళ, మా మిద్దె మెట్ల మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. చేతిలో అగ్గిపెట్టె ఉంది. గురజాలలో ఆయన్ను ఎరిగినవాళ్ళు తక్కువ. బతుకంతా సముద్రం ఒడ్డున గడిచింది. అందుకే నాకు చేతనైన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అక్కడ, విశాఖ అవతల, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఒక రాతికొండ. దాని కొన మీద మా తాతల కాలంలో దొరలు కట్టిన లైటుహౌసు. అందులో దీపం వెలిగించడం బావగారి ఉద్యోగం. అక్కకు జబ్బు చేస్తే సాయం పోయి కొన్నాళ్ళు ఉన్నాను. కొండ కింది గుహలోకి నీళ్ళు దూరి వెనక్కి వచ్చేటప్పుడు ముసలి మనిషి ఊపిరి పీల్చినట్టు ఉండేది. ఆ చప్పుడుకు నాకు అన్నం సహించేది కాదు.

దీపం చుట్టూ భూతద్దం లాంటి మనిషెత్తు గాజు. తెల్లవారగానే బావగారు దానికి తెల్లగుడ్డ కప్పేవారు. "పగలు దీని కన్ను మూయాలమ్మాయ్. ఎండ దూరితే కొంపంటుకుద్ది" అనేవారు. ఆ తర్వాత, వెలుగుకు వచ్చి గాజుకు కొట్టుకుని పడ్డ సముద్రపు పిట్టల్ని ఏరేవారు. చచ్చినవాటిని పాతిపెట్టేవారు. ప్రాణమున్నదాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, అది కళ్ళు తెరిచేదాకా కదిలేవారు కాదు.

యుద్ధమొచ్చాక, శత్రువు ఓడలకు దారి తెలియకుండా దీపం ఆపమని హుకుం వచ్చింది. అప్పటికే అక్క లేదు. వెలిగించని దీపం దగ్గర ఆయన ఒక్కరే కూర్చునేవారట. కింద బండల మీంచి "అయ్యా, దీపమేదయ్యా" అని ఎవరో అడిగేవారట. పోయి చూస్తే తడి బండలు. ఉద్యోగం చాలించుకుని మా ఇంటికి వచ్చేశారు.

అప్పటికి నా కొడుకు ఓడ పనికి పోయి ఉన్నాడు. కబురు లేదు, ఇప్పటికీ లేదు. వాన పడితే వాడు తడుస్తున్నాడని, ఎండ కాస్తే వాడికి మంచినీళ్ళు లేవని, పిల్లి అరిస్తే ఇంకేదో అని నాకు దిగులు. బావగారు ఓదార్చలేదు. వచ్చిన మర్నాడే లాంతరు తుడిచి, మిద్దె మీద తూర్పు వైపు పెట్టి, సందెవేళ వెలిగించారు. తెల్లవారి గుడ్డ కప్పారు. పక్కింటి వదిన మిరపచేలోకి పోతూ తలెత్తి చూసి, "ఏందే, లాంతరుకు ముసుగేశారు? దానిక్కూడా మొగుడు పోయాడా?" అంది. బావగారు నవ్వారు. నా తల మీదా ముసుగే, నేను నవ్వలేకపోయాను.

యుద్ధం మూలాన కిరసనాయిలుకు కంట్రోలు, కొలిచి ఇచ్చేవారు. వంటింట్లో ఆముదం దీపం పెట్టుకుని, ఉన్న చుక్కలు లాంతరుకే మిగిల్చేదాన్ని. మిగిలిస్తూనే ఒకనాడు అడిగాను.

"గురజాల ఎక్కడ, సముద్రం ఎక్కడ బావా? వాడికేం కనపడుద్ది?"

"అక్కడ మాత్రం ఎవరికి కనపడిందో నాకెవరొచ్చి చెప్పారమ్మాయ్?" అని వత్తి సర్దుకున్నారు.

ఆయన్ను సాగనంపిన సాయంత్రం, పెదకూరపాడు పుట్టింటి నుంచి పక్కింటి వదిన అప్పుడే ఊళ్ళోకి వచ్చింది. జరిగింది ఆమెకు తెలియదు. మా గుమ్మంలో మూట దించి, "మీ బావ ఏడే? ఇయ్యాల లాంతరు చానా వెలుగుగా పెట్టాడు. ఊరి బయట నుంచి దాన్ని చూసుకుంటానే వచ్చా" అంది.

ఆయన ఒరిగిన చోట పెట్టిన ప్రమిద తప్ప ఇంట్లో వేరే దీపం లేదు. మిద్దె ఎక్కాను. లాంతరు మీద గుడ్డ కప్పినట్టే ఉంది. గాజు చల్లగా ఉంది. బుడ్డిలో చుక్క నూనె లేదు.

మర్నాటి నుంచి నేనే వెలిగిస్తున్నాను. ఆయన కూర్చున్న మెట్టు మీద మాత్రం కాలు పెట్టను, దాటి ఎక్కుతాను.

ఇవాళ తెల్లవారి గుడ్డ కప్పుదామని పోతే, లాంతరు పక్కన తెల్లపిట్ట ఒకటి పడి ఉంది. కాలివేళ్ళ మధ్య తోలు. అక్క దగ్గర చూశాక మళ్ళీ ఇన్నేళ్ళకు చూడడం. మనకు వాన పడి ఎన్నాళ్ళో అయింది, దాని రెక్కలు మాత్రం తడిసి ఉన్నాయి. ముట్టుకుని వేలు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలింది.

లాంతరు గుడ్డనే దానికి చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ కింద గుండె టకటకా కొట్టుకుంటోంది. కళ్ళు తెరవలేదు. ఎండ మిద్దె మీదికి వచ్చేసింది. లాంతరు ముసుగు లేకుండా తూర్పుకు చూస్తూ ఉంది.