కుడిపక్క నల్లని నెలవంక

బావమరిది మాటలను కడుపులో పెట్టుకోవడం పెళ్ళైన నాటినుంచీ నాకు అలవాటే. ఆ రోజు తెనాలిలో ఆ కడుపునే కోస్తామన్నారు.

రేపల్లెలో రెండు రోజులు నొప్పితో మెలికలు తిరిగాక, నా భార్య, బాపట్ల నుంచి వచ్చిన ఆమె తమ్ముడు కలిసి నన్ను తెనాలి సర్జన్ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి, కాలేయం పైన నల్లని నెలవంకను చూపించాడు.

“పేగుకి చిల్లు పడింది. గాలి బయటికొచ్చింది. వెంటనే కోయాలి.”

“నాకు ఆకలేస్తోందండి,” అన్నాను.

“డాక్టరు మీరా, నేనా?”

“బావా, నోరు మూసుకో!” అని బావమరిది ఒప్పుకోలు కాగితం మీద సంతకం పడేశాడు.

“మూడేళ్ళ కిందట దగ్గుకి తీసిన ఎక్స్‌రేలోనూ అక్కడ నల్లగానే ఉందండి. చిల్లుతో మూడేళ్ళు బతుకుతానా? అది తెప్పిస్తాను.”

“రెండు గంటలు ఆగుతా. పొట్ట గట్టిపడితే అదీ లేదు,” అన్నాడు సర్జన్.

బావమరిది గోడకేసి చూశాడు. “ఆ పాత ఫిల్ము లేదు. గ్రహణం చూడ్డానికి కత్తిరించేశా. నల్లటి ముక్క ఒకటి మా ఇంట్లో ఉంది.”

“సూర్యుడికి పట్టింది చూసి మా ఆయనకి పట్టించావు కదరా!” అంది నా భార్య.

బాపట్లకు ఫోన్ చేస్తే, అతని భార్య ఆ ముక్క పట్టుకుని రైలెక్కింది. ఆమె వచ్చేదాకా సర్జన్ పావుగంటకోసారి వచ్చి నా పొట్ట నొక్కి, అది మెత్తగా ఉన్నందుకు నన్ను దోషిలా చూసేవాడు.

ముక్కలోనూ అదే నెలవంక. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, “నలుపులో పేగు మడతలున్నాయి,” అని గొణిగాడు సర్జన్. స్కానింగ్ తీయించాడు. పెద్దపేగు కాలేయం మీదికెక్కి కూర్చుంది. గాలి పేగులోనే ఉంది. పేగే తన చోట లేదు.

“అరుదు. ప్రమాదం లేదు. కోత అక్కర్లేదు,” అన్నాడు, నేనేదో మోసం చేసినట్టు.

“మరి నొప్పండీ?”

“మలబద్ధకం. ఎనిమా ఇస్తారు.”

నా భార్య ఆ ఒప్పుకోలు కాగితం లాక్కుని తమ్ముడి మీదికి విసిరింది. “ఇంకోసారి మా ఆయన పొట్ట మీద సంతకం పెట్టావంటే చూడు!”

“బతికించాలనేగా అక్కా!” అంటూ అతను భార్యను కూడా వదిలేసి స్టేషన్‌కి వెళ్ళిపోయాడు.

ఆవిడ కదల్లేదు. ఫిల్ము ముక్క నా దిండు కింద పెట్టి, “అన్నయ్యగారూ, మళ్ళీ గ్రహణమొచ్చి మా ఆయన అడిగినా ఇవ్వకండి,” అంది.