సీసా మీద రెండో పట్టీ

మా ధూల్‌పేట సర్కారు దవాఖాన కంపౌండర్ సాబ్ పోయారు. సోమవారం పొద్దున పాలాయన చెప్పి వెళ్లాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. అమ్మ చేతిలోని కుంచె పక్కన పెట్టి, "అయ్యో, గింత జల్దిగనా!" అంది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు తోచేట్టు లేదు. ఒకప్పుడు ఆయన్ని వెక్కిరించినదాన్ని కాబట్టి తప్పక రాయాలి.

అమ్మకు దమ్ము, అంటే ఆయాసం జబ్బు. వినాయకుళ్లకు రంగులు వేసే ఇల్లు మాది. ఎండిన మట్టి దుమ్మంతా ఆమె గుండెల్లోకే పోయేది. డాక్టరు చీటీ రాస్తే, కంపౌండర్ సాబ్ మందు కలిపి కిటికీలోంచి ఇచ్చేవారు. సీసాకు మైదా జిగురుతో ఒక కాగితం పట్టీ అతికించేవారు. దానికి గాట్లుంటాయి. ఒక గాటు వరకు తాగితే ఒక పూట మందు. ఇంతవరకు ఏ కంపౌండరైనా చేస్తాడు. ఈయన అక్కడితో ఆగేవారు కాదు.

"అక్కా, గణపతికి కండ్లు దిద్దేటప్పుడు ఊపిరి ఏం జేస్తవ్?" అని అడిగారొకసారి.

"బిగవట్టి కూసుంట. చెయ్యి వణకొద్దు గద."

"మందు తాగినంక గూడ గట్లనే కూసో. కానీ బిగవట్టకు, మెల్లగ ఇడువు. ఇడిసేటప్పుడు నీ దేవుని పేరు మనసుల అనుకో. పూటకు పదిసార్లు."

అమ్మకు రాముణ్ణి, వెనక నిలబడ్డ బురఖా ముసలమ్మకు అల్లాను, ఎవరి దేవుణ్ణి వాళ్లకే అప్పజెప్పేవారు. "మందు సర్కారుది, ఊపిరి నీది, పేరు నీ దేవునిది. మూడిట్ల ఏదీ ఇడువొద్దు," అనేవారు. నేనప్పుడే టీచరమ్మనై తలెగరేస్తున్న రోజులు. "మందుతో పాటు ప్రసాదం కూడా ఇస్తారా సాబ్?" అన్నాను. ఆయన నవ్వి, "నువ్వు గూడ పట్టుకపో బిడ్డా, బడి పిల్లల లొల్లికి పనికొస్తది," అన్నారు.

అమ్మకు నిజంగానే హాయిగా అనిపించింది. దాంతో, రామనామంతోనే నయమవుతుంటే ఈ చేదెందుకని మందు మానేసింది. నాకూ చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. వానలు మొదలైన వారానికే ఒక మధ్యాహ్నం ఆమె పెదవులు నల్లబడ్డాయి. రిక్షాలో వేసుకొని దవాఖానకు పరుగెత్తాను. డాక్టరు సూది వేశారు. గంటసేపు అమ్మ నాకు దక్కుతుందో లేదో తెలియలేదు.

కంపౌండర్ సాబ్ నా సంచిలోని సీసా తీసి వెలుతురుకు పట్టి చూశారు. మందు రెండో గాటు దగ్గరే ఆగిపోయి ఉంది. "నా మాటతోనే అయ్యింది బిడ్డా," అన్నారు, ముఖం పాలిపోయి. డాక్టరు ఊరుకుంటారా? "ఈ ఊపిరి ముచ్చట్లు ఇగ బంద్!" అని అందరి ముందు కేకలేశారు. ఆయన తల వంచుకొని నిలబడ్డారు.

అప్పుడు మంచం మీది అమ్మే లేచి కూర్చుంది. "ఆయన్ని ఏమనకుండ్రి సార్. ఆయన మూడు జెప్పిండు, నేను రెండే విన్న. తప్పు నాది."

డాక్టరు కంపౌండర్ వైపు తిరిగి, "అయితే రోగులు మూడూ చేసిండ్రని నీకెట్ల ఎరుక?" అని అడిగారు.

మర్నాడు అమ్మ సీసాకు రెండు పట్టీలు వచ్చాయి. ఒకటి మందుది. పక్కన రెండోది, ఖాళీ గడులతో. మందు తాగి, పది ఊపిర్లు అయ్యాక గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. మళ్లీ సీసా నింపేటప్పుడు గాట్లూ చుక్కలూ కలిశాయో లేదో ఆయన చూసేవారు. తేడా వస్తే అందరిలోనూ చీవాట్లే. దవాఖాన బోర్డు మీద రాష్ట్రం పేరు మారింది గానీ ఈ పద్ధతి మారలేదు. చివరికి ఆ డాక్టరే, "కిటికీ కాడ ఊపిరి సంగతి గూడ అడుగుండ్రి," అని రోగులకు చెప్పడం నా చెవులతో విన్నాను.

ఆ తర్వాత అమ్మకు రిక్షా అవసరం పడలేదు. వెక్కిరింత ఆయన ముఖం మీదే అన్నదాన్ని, కృతజ్ఞత మాత్రం ఒక్కనాడూ నోరు తెరిచి చెప్పలేదు. అది నన్ను బాధిస్తోంది.

సోమవారం సాయంత్రం ఆయన్ని మట్టిలో పెట్టి ఇంటికొచ్చేసరికి అమ్మకు ఆయాసం మొదలైంది. నేను కంగారుగా సీసా అందుకోబోతే, "ఆగు, నేను తాగుత," అంది. సరిగ్గా గాటు వరకు తాగింది. సగం రంగు వేసిన విగ్రహం ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆమె భుజాలు పదిసార్లు మెల్లగా లేచి దిగాయి.

పెన్సిల్ కనిపించలేదు. అమ్మ కుంచెను నల్లరంగులో ముంచి, ఆయన అతికించిన ఆఖరి పట్టీ మీద చుక్క పెట్టింది. అదే కుంచెతో, చెయ్యి వణక్కుండా, గణపతికి కన్ను దిద్దింది.