దర్జీపిట్ట గూటి పక్కన కట్టిన పోగు

పోగు విప్పలేదని ఆ సాయంత్రం ఐదు గంటలకే గుర్తొచ్చింది. చెరువు గేటు ఆరింటి దాకా తెరిచే ఉంటుంది. ఇంటి నుంచి నడిస్తే పన్నెండు నిమిషాలు. మరి అలివేలు ఎందుకు వెళ్ళలేదు? ఎంత ఆలోచించినా దీనికి జవాబు దొరకలేదు. ఆమెను అడిగినా దొరికేది కాదేమో.

జరిగింది చిన్న పనే. మహదేవపుర దగ్గర ఒక చెరువు. వెనక గట్టు మీద ఇనుప కంచెకు ఆనుకుని ఒక మేడి మొక్క. అందులో ఒక దర్జీపిట్ట రెండాకులను దగ్గరికి లాగి, దూది పీచుతో కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టుకుంది. మూడు పిల్లలు, ఒక్కొక్కటీ బొటనవేలంతైనా లేదు. అలివేలు నాలుగు రోజులు పొద్దున ఆరున్నరకే వచ్చి, పది గజాల అవతల కూచుని, మూరెడు లెన్సును మోకాలి మీద ఆనించుకుని ఎదురుచూసింది. ఏ ఫొటో తీసినా గూటి నోటికి అడ్డంగా ఒక పెద్దాకు. తల్లి తోక పడుతుంది గానీ పిల్లల నోళ్ళు పడవు. ఐదో రోజు లేచి వెళ్ళి, ఆ ఆకున్న రెమ్మను పక్కకు వంచి కంచె తీగకు కట్టేసింది.

కట్టడానికి పోగు ఆమె సంచిలోనే ఉంది. కబ్బన్‌పేటలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. తెగిన పడుగు పోగులు ముడివేయడం ఏడో ఏట నేర్చుకుంది. మగ్గాలు పోయి నలభై ఏళ్ళయినా, చేతి సంచిలో దారపు ఉండ లేకుండా గడప దాటదు. ఆ ముడి బిగిస్తే జారదు, కొస పట్టి లాగితే క్షణంలో ఊడుతుంది. అందుకే ధైర్యం. ఐదు నిమిషాలే గదా, ఫొటో తీసుకుని విప్పేస్తాను అనుకుంది.

ఐదు నిమిషాల్లోనే తల్లి వచ్చింది. నోట్లో ఆకుపచ్చ పురుగు, ఎదురుగా తెరుచుకున్న మూడు ఎర్రటి నోళ్ళు. అలివేలు ఊపిరి బిగబట్టి తీసింది. అంతలో గట్టు మలుపులో మాటలు వినిపించాయి. పక్షుల గ్రూపు వాళ్ళు వస్తున్నారు. గూడున్న చోటు ఎవరికీ చెప్పరాదు, గూటిని, దాని చుట్టూ ఉన్న ఆకును తాకరాదు అన్నవి ఆ గ్రూపు పెట్టుకున్న కట్టుబాట్లు. అలివేలు ఏమీ ఎరగనట్టు లేచి, వాళ్ళకు ఎదురెళ్ళి, వాళ్ళతోపాటే కాఫీకి పోయింది.

మధ్యాహ్నం ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టింది. సాయంత్రానికి ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటున్నారు. ఎలా తీశారు మేడం, ఎంతసేపు కూచున్నారు మేడం. ఇన్సూరెన్సు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు టైపు కొట్టినప్పుడు, ఎలా చేశావమ్మా అని అడిగిన వాడు లేడు. భర్త పోయాక ఏడో అంతస్తు ఫ్లాటులో ఆమెను పేరు పెట్టి పిలిచే వాళ్ళూ లేరు. చెరువు దగ్గరే ఆమె అలివేలు మేడం. ఐదింటికి పోగు గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుంది కూడా. ఫోను మళ్ళీ మోగింది. ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ కూచుంది. పొద్దున వెళ్తే వెలుతురు కూడా బాగుంటుందని ఒక ఆలోచన వచ్చి పోయింది.

మర్నాడు పొద్దున చెరువు కాపలాదారు చిక్కమునియప్ప గట్టు మీదే ఎదురయ్యాడు. చేతిలో తెగిన పోగు.

"చూస్తివా అక్కా, ఎవుడో కొమ్మను కంచెకు కట్టేసి పోయినాడు! గూడు బట్టబయలుగా ఉండాది. జెముడుకాకి వచ్చి మూడింటినీ మింగేసినాది. తల్లి అరస్తా అరస్తా తిరగతా ఉండాది. కట్టినోడి చెయ్యిరగ!"

"ఎవురో ఏమో అప్పా," అంది అలివేలు.

ఆ మూడు మాటలే ఆమె చుట్టూ గోడ కట్టాయి. అప్పుడే 'నేనే కట్టాను' అని ఉంటే తిట్టు తినేది, ఏడ్చేది, అంతటితో పోయేది. ఇప్పుడు 'నేనే' అనాలంటే ముందు ఈ మూడు మాటలకూ సంజాయిషీ చెప్పుకోవాలి.

గ్రూపు పెద్ద గిరీష్ విచారించాడు. నిన్న సాయంత్రం ఒక పిల్ల అక్కడ కెమెరా పెట్టుకుని నిలబడింది అని చిక్కమునియప్ప చెప్పాడు. ఆ పిల్ల జరీనా. కర్నూలు నుంచి వచ్చి మారతహళ్ళి పీజీ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. గూడు ఎక్కడుందో జరీనాకు చూపించింది అలివేలే. 'నేను కట్టలేదు సార్' అని జరీనా గ్రూపులో రాసింది. అలివేలు ఒక వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్ళీ చేసి, మళ్ళీ చెరిపింది. 'ఆ పిల్లలకు మేడం తీసిందే చివరి ఫొటో' అంటూ గిరీష్ ఆమె ఫొటోను ఇంకోసారి అందరికీ పంపాడు. దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. ఇంతకుముందు మెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు మొక్కుతున్నారు.

రాత్రి జరీనా ఫోను చేసింది.

"ఆదివారం నా సంగతి తేలుస్తారంట ఆంటీ. గ్రూపులోంచి తీసేస్తారేమో. మీరు నన్ను నమ్ముతారు గదా?"

"నమ్ముతానమ్మా."

"మీరొక్క మాట చెప్తే చాలు ఆంటీ. మీ మాట ఎవురూ కాదనరు."

ఆదివారం ఎనిమిదింటికి చెరువు పక్క రేకుల షెడ్డులో పాతికమంది చేరారు. కొత్తగా చేరినవాళ్ళకు ఓపిక గురించి చెప్పమని గిరీష్ ముందే అలివేలును ఒప్పించి ఉన్నాడు. "నాలుగు రోజులు కూచున్నారు మేడం, నాలుగు రోజులు! మనమైతే నాలుగు నిమిషాలకే ఫోను తీసి రీల్స్ చూసుకుంటాం," అన్నాడు. అందరూ నవ్వారు. జరీనా చివరి బెంచీ మీద ఒక్కతే కూచుంది. ఆమె పక్కన చోటున్నా ముగ్గురు నిలబడే ఉన్నారు.

అలివేలు లేచింది.

"ఆ పోగు కట్టింది నేనే. విప్పకుండా పోయినాను."

గిరీష్ మెల్లగా నవ్వాడు.

"మీ మనసు మాకు తెలుసు మేడం. చిన్నపిల్ల, పోనీలే అని మీ మీద వేసుకుంటున్నారు."

"లేదప్పా, నిజంగానే నేనే..."

"చాలు మేడం. మీరింత చెప్పాక జరీనాను క్షమించేద్దాం. ఏమంటారు అందరూ?"

చప్పట్లు కొట్టారు. "ఎంత పెద్ద మనసో!" అంది ముందు వరసలో ఒకావిడ. జరీనా లేచి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"చెయ్యని తప్పుకు నాకు క్షమాపణ వద్దు సార్. ఆంటీ, నాకోసం మీరు అబద్ధం చెప్పొద్దు."

అలివేలుకు బయటపడే సందే లేనట్టయింది. నిజం చెప్పినా తన గొప్పతనమే పెరిగింది, నేరం మాత్రం జరీనా మీదే ఉండిపోయింది. ఆమె సంచీ విప్పి కెమెరా బయటికి తీసింది. వెనక తెర మీద ఒక్కో ఫొటో వెనక్కి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆపింది.

"మీరు చూసింది అంచులు కోసేసిన ఫొటో. ఇది కోయనిది. కుడిపక్క కింద పెద్దది చేసి చూడండి. తేదీ, టైమూ కూడా చూడండి."

గిరీష్ రెండు చేతులా అందుకున్నాడు. ఐదారుగురు అతని భుజాల మీదుగా వంగారు. "ఇంకొంచెం పెద్దది చెయ్యి సార్," అన్నారెవరో. "ఆగండి, ఆగండి," అన్నాడతను. తెర మూలన కంచె తీగకు కట్టిన పోగు, కింద జరీనా రాకముందటి పొద్దుటి టైము.

జరీనా మాత్రం తెర వైపు రాలేదు. ఉన్నచోటనే నిలబడి అలివేలును చూస్తోంది. ఆ చూపులో ఉన్నది కోపమైతే అలివేలు నిలబడేదే. ఇంకా అది కోపం కాలేదు.

అలివేలు బెంచీల మధ్య నుంచి బయటికి నడిచింది. కెమెరా అడగలేదు, సంచీ తీసుకోలేదు. గేటు దగ్గర చిక్కమునియప్ప కాఫీ ఫ్లాస్కు మోసుకుని ఎదురొచ్చాడు.

"యాడికక్కా, ఇప్పుడే? కాఫీ తాగి పో."

ఆమె అతణ్ణి దాటి, గేటు దాటి, బస్సులు పోయే రోడ్డెక్కింది.