నమలని ముద్ద

బెంగళూరులో మడివాళ సంత దగ్గర మాది కరకరలాడే తిండి అమ్మే అంగడి. చక్కిలాలు, నిప్పట్లు, కోడుబళ్లు, కారాబూందీ, అడిగితే వేయించిన శనక్కాయలు. నాలుగైదేళ్ల కిందటి దాకా గల్లా ముందు నేను కూర్చోవాలంటే రెండు ప్లాస్టిక్ స్టూళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి వేయాల్సి వచ్చేది. ఒక్కటే వేస్తే కాళ్లు విచ్చుకుని పడిపోయేది, దాంతోపాటు నేనూ. పక్కవీధి పీజీలో ఉండే ఒక పిల్ల నిప్పట్లు కొంటూ, "ఆంటీని చూస్తేనే నమ్మకం వస్తుంది, ఇక్కడ సరుకు మంచిదని" అంది. నాకు నోరు పెద్దది. "రోజూ వచ్చి తినమ్మా, నిన్ను చూసినా వస్తుంది నమ్మకం" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం మాత్రం కంచం ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే తిన్నాను కూడా.

ఆ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆర్నెల్లు తిరక్కుండానే బరువు తగ్గించే ఆపరేషన్ అయిపోయింది. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, అరటికాయంత గొట్టం మిగిల్చి ఇంటికి పంపించారు. మొదటివారం నీళ్లు కూడా గుక్కగా తాగకూడదంటే, మా పిల్లలకు పాలు పట్టిన పాలాడ వెతికి తీసి దానితో తాగాను. మా ఆయన చూసి, "ఉయ్యాల కూడా కట్టమంటావా?" అన్నాడు. "కట్టు, నువ్వే ఊపు" అన్నాను. నూటపద్దెనిమిది కిలోల మనిషిని రెండేళ్లలో డెబ్బైరెండుకు వచ్చాను. ఇప్పుడు నాకు ఒక్క స్టూలు చాలు. తడిబట్టల బకెట్ పట్టుకుని మిద్దె మీదికి ఆగకుండా ఎక్కుతాను.

మా ఆసుపత్రిలో నెలకోసారి శనివారం పొద్దున ఒక సమావేశం పెడతారు. ఆపరేషన్ అయినవాళ్లు, కాబోయేవాళ్లు, ఇంకా ఊగిసలాడుతున్నవాళ్లు, అందరూ వస్తారు. ఆ గదిలో కుర్చీలకు చేతులుండవు. అది కావాలని చేసిన ఏర్పాటని బయటివాళ్లకు తట్టదు, మాకు మాత్రం గుమ్మంలోనే తెలిసిపోయి ప్రాణం లేచొస్తుంది. డైటీషియనమ్మ కన్నడంలో, ఇంగ్లీషులో చెప్పేదంతా చెప్పాక, తెలుగువాళ్లుంటే నా వైపు చూపిస్తుంది. ఇక నేను మొదలుపెడతాను. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు తాగే తిండే ఇస్తారు, ఇంట్లో అందరి కంచాలూ మీకు శత్రువులైపోతాయి, పదో రోజుకు ఆ కోపం కూడా నీరసపడుతుంది అంటాను. మూడో నెలలో జుట్టు రాలుతుంది, భయపడొద్దు, మళ్లీ వస్తుంది. అన్నంతో కలిపి నీళ్లు తాగొద్దు. పెళ్లికి పోతే 'ఒక్కటే, ఒక్కటే' అని ఒబ్బట్టు వేసే పెద్దమ్మలుంటారు, వాళ్లతో వాదించి గెలవలేరు, పంక్తిలో కూర్చోకుండా వడ్డించేవాళ్లలో కలిసిపోండి. అన్నిటికన్నా ముఖ్యం, నోట్లో పెట్టినదేదైనా ఇరవై ఐదుసార్లు నమలండి.

ఇలా చెబుతుంటే కొందరు పుస్తకాల్లో రాసుకునేవాళ్లు. అది నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. పుట్టినప్పటినుంచీ 'నోరు కట్టుకో' అన్న మాటే విన్నదాన్ని, ఇప్పుడు నా నోటిమాట నలుగురు రాసుకుంటున్నారు. కొంచెం తలకెక్కింది. ఒక్క తప్పూ చేయకుండా గట్టెక్కిన మనిషిలా చెప్పుకోవడం అలవాటైపోయింది.

నిరుడు ఆ గదికి దొడ్డబళ్ళాపురం నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏడేళ్లుంటాయి. వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి, పట్టుచీరలు నేస్తారు. పెళ్లయిన కొత్తలోనే పని నేర్చుకుని రెండు మగ్గాలు ఒక్కతే చూసుకునేదట. మగ్గానికీ మగ్గానికీ మధ్య ఒక మనిషి నిలబడి అటూ ఇటూ తిరిగేంత సందే ఉంటుంది. రెండో కానుపు తర్వాత ఆమె ఆ సందులో పట్టలేదు. ఒకరోజు తిరగబోతే చెంగు మగ్గం తిప్పే బెల్టులో చిక్కింది, భర్త ఉరికొచ్చి స్విచ్చి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజునుంచి ఆమెను వసారాలో మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. అలా ఎనిమిదేళ్లు.

"అందంగా కావాలని కాదక్కా," అంది. "మగ్గం పని నా చేతిలో ఉండాది. తెగిన పోగు కండ్లు మూసుకోని కడతాను. ఇప్పుడు నా మగ్గాలు మా మరిది చూస్తా ఉండాడు. చీర బయటికొస్తే దాంట్లో తప్పులు నాకు కనిపిస్తాయి, వసారాలో కూసోని చెప్పేకి నోరు రాదు. నేను లోపలికి పోవాల. అంతే."

"పోతావు," అన్నాను. "నేను చెప్పినట్ల చేస్తే పోతావు."

"మీరేం తప్పు చేయల్యా అక్కా?"

"నేనా? ఒక్కటి గూడా లేదు."

ఆ మాటతో ఆమె మొహంలోకి ధైర్యం వచ్చింది. నేను చెప్పింది అబద్ధమని ఆ క్షణంలో నాకు కూడా గుర్తు రాలేదు.

ఆమె ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యాహ్నం అంగడిలో బేరం లేని వేళ ఫోన్ చేసేది. ఏడు వారాలకు పదిహేను కిలోలు తగ్గింది. మెత్తటి తిండి మొదలుపెట్టవచ్చని ఆసుపత్రిలో చెప్పారు. ఇడ్లీ నమిలిందట, గుడ్డు నమిలిందట, చివరికి పెరుగు కూడా నమిలిందట. "దవడలు నొప్పి పెడతా ఉండాయక్కా, ఇట్లయితే దవడలే ముందు సన్నబడతాయి" అని నవ్వేది. ఇంత మాట వినే మనిషి దొరికినందుకు నేను మురిసిపోయేదాన్ని.

తర్వాత నాలుగు రోజులు ఫోన్ రాలేదు. ఐదో రోజు పొద్దున పదకొండు గంటలకు ఆమె భర్త చేశాడు. 'ఎట్లుండారు' అన్న మాట కూడా లేదు.

"ఏమి చెప్పినారు మేడం మీరు నా పెండ్లానికి?"

జరిగింది చెప్పాడు. ఇడ్లీతో ఒళ్లు నిలవదని అతని తల్లి ప్రేమగా, మామూలుకన్నా మెత్తగా రాగిముద్ద చేసిందట. మెత్తటిదే కదా అని ఈమె గోలీ అంత ఉండ చేసుకుని, ఆకుకూర సారులో ముంచి మింగింది. రెండోది మింగింది. మూడోదానికి ఎదరొమ్ము పట్టుకుని వంగిపోయింది. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట. ఆసుపత్రికి తీసుకుపోయేలోగా ఆ ముద్ద వాంతిలో బయటికొచ్చేసింది. డాక్టరు చూసి, లోపల ఏమీ చెడలేదని, పల్చటి తిండితో మళ్లీ మొదలుపెట్టమని పంపించాడు. కానీ ఆ రోజునుంచి ఆమె నీళ్లు, మజ్జిగ తప్ప నోట్లోకి ఏదీ పోనివ్వడంలేదు.

"తిండి చూస్తేనే గొంతు మూసుకుంటాదంట. లేసి నిలబడితే కండ్లు తిరుగుతా ఉండాయి. మగ్గం మాటే ఎత్తొద్దు, కండెలు చుట్టుకుంటా బతుకుతాను అంటా ఉండాది."

"ఇరవై ఐదుసార్లు నమలమని చెప్పినాను కదప్పా," అన్నాను. నోరు పెద్దదని చెప్పాను కదా.

"ముద్దను ఎవరన్నా నములుతారా మేడం?" అన్నాడు.

నిజమే, ఎవరూ నమలరు. మా వైపు పిల్లలకు ముద్ద తినడం నేర్పడమంటే మింగడం నేర్పడమే. ఉండ చేసి, సారులో ముంచి, నాలుక మీద పెట్టి గుటుక్కుమనిపించాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, పంక్తిలో అందరూ నవ్వుతారు. 'నోట్లో పెట్టినదేదైనా' అని నేను వందసార్లు చెప్పినా ముద్ద ఆ లెక్కలోకి వస్తుందని ముద్ద తిని పెరిగినవాళ్లకు తోచదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే సరిగ్గా ఇదే నాకూ జరిగింది.

ఆపరేషన్ అయిన మూడో నెలలో, అంగడి వెనక గదిలో మా ఆయన క్యారియర్ తెరిచి, ఆయనకు తెలియకుండా ఒక్క ఉండ మింగాను. రొమ్ములో రాయి పడ్డట్టయింది. మోరీ పక్కన గోడ పట్టుకుని కూర్చుని, అది బయటికొచ్చేదాకా ప్రాణం పోయిందనుకున్నాను. కడుక్కుని వచ్చి గల్లా ముందు కూర్చున్నాను. మా ఆయనకు చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. దొంగతనంగా తిన్నది ఎవరికి చెబుతాం? ఆ తర్వాత ఆ గదిలో అన్నిసార్లు నిలబడి అన్ని మాటలు చెప్పాను కానీ, ముద్ద ఊసెత్తలేదు. సిగ్గు నాది, దాని ఫలితం ఆమె అనుభవించింది.

డైటీషియనమ్మకు ఫోన్ చేసి రెండు కథలూ చెప్పాను. నన్ను బాగా తిట్టింది. పెసరపప్పు మెత్తగా ఉడికించి, మెదిపి, చెంచాతో కొద్దికొద్దిగా పెట్టమంది. అదీ దిగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మంది. మర్నాడు అంగడి మా ఆయనకు అప్పగించి దొడ్డబళ్ళాపురం బస్సెక్కాను. దారంతా తిట్లు తినడానికి మనసు గట్టి చేసుకున్నాను.

తిట్లు రాలేదు. గడప దగ్గర కూర్చున్న ఆమె అత్త నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది. "నా చేత్తో నేనే పెట్టినానమ్మా," అంది. "మెత్తగానే చేస్తిని." అంతటితో నేను గట్టి చేసుకున్న మనసంతా కరిగిపోయింది.

ఆమె లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లకింద నల్లగా గుంటలు పడ్డాయి. మగ్గాలు ఆపి భర్త, మరిది కూడా వచ్చి నిలబడ్డారు. ఇంకెక్కువసేపు ఆలోచిస్తే చెప్పలేనని, నిలబడే చెప్పేశాను.

"నాకూ ముద్ద ఇరుక్కునింది. దొంగతనంగా తినింటి. కక్కినాను. నీకు ముందే చెప్పింటే ఇట్ల జరిగేది కాదు. సిగ్గుపడి దాచినాను. మీ అత్తది గాదు, నాది తప్పు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఆ పొద్దు నేను అడిగితిని కదక్కా," అంది మెల్లగా.

"అడిగినావు."

కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

పెసరపప్పు నేనే ఉడికించి, మెదిపి, ఒక చిన్న గిన్నెలో వేసి ఆమె ముందు పెట్టాను. ఇంట్లోవాళ్ల కోసం చేసిన ముద్దలోంచి కొంచెం అడిగి నేను తీసుకున్నాను. సారులో ముంచి నోట్లో వేసుకుని, అందరి ముందూ నమలడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు ముడుస్తూ నమిలాను. ముద్ద దవడలకు పట్టింది, పళ్లకు పట్టింది. మరిది గోడ వైపు తిరిగిపోయాడు, వాడి భుజాలు కదులుతున్నాయి. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో రామా, బర్రె నెమరేసినట్ల ఉండాది గదా!" అంది. ఇరవై ఐదు అయ్యాక నల్లబడ్డ పళ్లన్నీ బయటపెట్టి చూపించాను. అప్పుడామె నవ్వింది.

నవ్వుతూనే చెంచా తీసుకుంది. కొనకు అంటినంత పప్పు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. దవడలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మేమంతా ఆమె గొంతునే చూస్తున్నాం. మింగింది. రొమ్ము మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే ఉంది.

"పోయింది," అంది.

ఆరు చెంచాలు తిని చాలంది. భర్త బయటికి వెళ్లిపోయి, మొహం కడుక్కుని వచ్చాడు.

ఇప్పుడు శనివారం సమావేశంలో నేను మొట్టమొదట చెప్పేది ముద్ద సంగతే, నా దొంగతనంతో సహా. ఇది విన్నాక జనం పుస్తకాలు పక్కన పెట్టి వాళ్ల దొంగతనాలు చెబుతున్నారు. ఒకాయన ప్రతి రాత్రీ బాత్రూంలో బిస్కెట్లు తిన్నానని చెప్పి ఊపిరి పీల్చుకున్నాడు. నా పేరు ప్రతిష్ఠలు కొంచెం తగ్గిన మాట నిజమే కానీ, ఆ గదిలో ఇంత బాగా నాకెప్పుడూ లేదు.

పోయిన నెల అటువైపు పని పడి దొడ్డబళ్ళాపురం వెళ్లాను, చెప్పకుండానే. వసారాలో కండెలు చుడుతున్నది మరిది. షెడ్డులోంచి మగ్గాల చప్పుడు చెవులు పగిలేలా వస్తోంది. వెనక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. చెంగు బిగించి నడుముకు దోపుకుని, ఆమె రెండు మగ్గాల మధ్య సందులో ఉంది. ఇటు తిరిగి ఒక పోగు ముడేసింది, అటు తిరిగి అంచు తడిమి చూసింది. అవతలి మగ్గం దగ్గరున్న భర్తకు వినబడేలా గొంతెత్తి, "నీ తట్టు చూడప్పా, అంచు వదులుగా పోతా ఉండాది!" అని అరిచింది. అతను మగ్గం ఆపి చూసుకున్నాడు.

నేను రెండుసార్లు పిలిచాను. ఆ చప్పుడులో నా మాట నాకే వినబడలేదు. ఆమె మళ్లీ ఇటు తిరిగింది, నా వైపు చూడలేదు, చూసే తీరిక లేదు. ఎవరూ నా మాట వినని చోట అంత సంతోషంగా నేనెప్పుడూ నిలబడలేదు.