దేవుడి డబ్బాలో నేను పోసిన నూకలు

మా చిన్నప్పుడు... ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక్క క్షణం ఆగేది. సోలతో కొలిచిన బియ్యంలోంచే ఒక గుప్పెడు తీసి, పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. దాని పేరు దేవుడి డబ్బా. నందివెలుగు పక్కన మా పల్లెలో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది.

కొలిచాకే తీయాలి. బస్తాలోంచి విడిగా తీసి వేస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "అట్టా తీస్తే మనకేం తగ్గుద్దే? మన కంచంలోంచి పోవాలి" అనేది. అసలు మా ఇంట్లో బస్తా కనపడే రోజులే తక్కువ లెండి...

నాకు పదేళ్ళు వచ్చాయి. మినుము పీకే రోజుల్లో అమ్మ పొద్దున్నే చేలోకి పోతే, అన్నం వండే పని నాకొచ్చింది. దేవుడి గుప్పెడు తీసే పని కూడా.

సరిగ్గా అప్పుడే మా వీధిలోకి పుల్లైసు సైకిలు రావడం మొదలైంది. డబ్బులు లేకపోతే ఆయన బియ్యం కూడా తీసుకునేవాడు... ఇంకేముంది.

కోళ్ళ కోసం ఉంచిన నూకలు దేవుడి డబ్బాలోకి వెళ్ళాయి. దేవుడి బియ్యం పుల్లైసు ఆయన సంచిలోకి వెళ్ళాయి. అమ్మ మూత తీసి చూస్తుందేమోనని పైన మాత్రం కాసిని మంచి బియ్యం పరిచేదాన్ని. ఆ మాత్రం తెలివి ఉంది నాకు. దేవుడేమన్నా అన్నం వండుకుని తింటాడా ఏంటి, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆదివారం డబ్బా మోసుకెళ్ళి చర్చిలో గంపలో బోర్లించేది కూడా నేనే. అందరి బియ్యంతో కలిసిపోయాక ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది...

నెల రోజులు ఇలాగే సాగింది.

ఒక శనివారం అమ్మ చేపల పులుసు గిన్నెలో పోసి, సువార్తమ్మ మామ్మకి ఇచ్చి రమ్మంది. మామ్మ మా ఊరి బైబిలు స్త్రీ. చుట్టుపక్కల ఊళ్ళకు నడిచి వెళ్ళి వాక్యం చెప్పేది, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. భర్త లేడు, పిల్లలు లేరు.

వెళ్ళేసరికి గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఏం చేస్తున్నావు మామ్మా?"

"నూకలు వేరు చేస్తన్నానమ్మా. చర్చిలో గంపకొచ్చే బియ్యమేగా నా తిండి... ఈ నెలలో నూకలు బాగా పడతన్నయ్."

గిన్నె మామ్మ పక్కన పెట్టేశాను. గంపలో పోసే బియ్యం మామ్మ తింటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒట్టు, తెలియదు.

"ఎవరో తల్లి... ఇంట్లో బియ్యం లేకపోయినా వట్టి డబ్బా పంపకూడదని నూకలన్నా వేస్తంది. ఆ ఇంటికోసం రోజూ మోకరిస్తన్నా. ఎవరిల్లో నీకేమన్నా తెలుసా అమ్మా? నాలుగు గింజలు నేనే తిరిగిద్దును."

"తెలీదు మామ్మా" అన్నాను.

మర్నాడు చర్చిలో మామ్మ లేచి నిలబడి, పేరు తెలియని ఆ ఇంటికోసం ప్రార్థన చేసింది. వాళ్ళ గాదె నింపు ప్రభువా అంది. నా పక్కన మా అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అంది... మా ఇంటికోసమేనని తెలియక.

దారిలో అమ్మ, "పాపం, ఎవరింట్లో ఇబ్బందో. రేపట్నుంచి రెండు గుప్పెళ్ళు తీయవే, వాళ్ళ వంతు కూడా మనమే వేద్దాం" అంది.

అందరికీ పెట్టాక చివర్లో తినేది అమ్మే. ఆ రెండో గుప్పెడు తగ్గింది అమ్మ కంచంలోనే. పుల్లైసు మానేశాను, నూకలు మానేశాను, గుప్పెళ్ళు మాత్రం నిండుగా తీశాను. కానీ నోరు తెరిచి నేనేనమ్మా అని చెప్పలేకపోయాను. నా పెళ్ళయ్యేదాకా మా ఇంట్లో రెండు గుప్పెళ్ళే... ఈలోపే మామ్మ కూడా పోయింది.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాం. మా ఆయనదీ నాదీ, ఇద్దరివీ ఉద్యోగాలు. బాపట్లలో స్థలం కొన్నాం, దాని వాయిదా కడుతున్నాం. అమ్మ మా దగ్గరే ఉంటుంది. జీతం పడగానే వాయిదా పోతుంది, పాప ఫీజు పోతుంది, చీటీ పోతుంది. మిగిలినదాంట్లోంచి చర్చిలో ఫోను తీసి స్కాన్ చేస్తాను. ఎంత వేశానో పక్కవాళ్ళకు కూడా కనపడదు.

మొన్న ఆదివారం అమ్మ నా చెవి దగ్గరకు వంగి అడిగింది.

"జీతం పడిందా? దేవుడిది తీశావా?"

"తీశానమ్మా."

"దశమభాగమేగా?"

"ఆ..."

అమ్మ తృప్తిగా తల ఊపి కళ్ళు మూసుకుంది. నేను వేసింది ముందు రోజు తెప్పించుకున్న బిర్యానీ ఖరీదు కూడా చేయదు. పదేళ్ళప్పుడు పిల్లని, తీపికి ఆశపడ్డాను అని చెప్పుకోవచ్చు. నలభై ఎనిమిదేళ్ళకి ఏమని చెప్పుకోను? నిజంగా సిగ్గేసింది.

ఏమీ లేని రోజుల్లో మా ఇంట్లో దేవుడిది ముందు తీసేవాళ్ళం. అన్నీ ఉన్న ఈ రోజుల్లో ఆయన్ని వరసలో చివర నిలబెట్టాను. నిలబెట్టింది నేనే... రోజులు మారాయని వాటి మీదకు నెట్టడం ఎందుకు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి గుప్పెడు తీసే అలవాటు ఉండేదా? ఉంటే రాయండి. మంచివే కాదు, ఎవరికీ చెప్పుకోనివి కూడా రాయండి. ఇదంతా ముందు అమ్మకి చదివి వినిపించి, ఆ తర్వాతే ఇక్కడ పెట్టాలనుకున్నాను. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది... ముక్కూమొహం తెలియని మీకు చెప్పేశాను గానీ, పది అడుగుల దూరంలో ఉన్న ఆవిడకి ఇంకా చెప్పలేదు.