చుట్టింటిని పడగొట్టే ముహూర్తం

నా చిన్నప్పుడు మా ఊళ్లో మొదటి డాబా కట్టింది మా నాన్నే. శ్రీకూర్మం వెళ్లే దారిలో రోడ్డు దిగి, పొలాల మధ్య కాస్త నడిస్తే మా ఊరు. అప్పట్లో అక్కడున్నవన్నీ చుట్టిళ్లే, ఎక్కడైనా ఒక పెంకుటిల్లు. చుట్టిల్లంటే ఇప్పటి పిల్లలకి బొమ్మ గీసి చూపించాల్సి వస్తోంది. దళసరి మట్టిగోడ గుండ్రంగా తిరిగి ఉంటుంది. దాని మీద తాటాకు కప్పు. ఆ కప్పు చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే, ఎంత గొప్పవాడైనా తల వంచకుండా లోపలికి రాలేడు. మా నాన్నకి ఆ తల వంచడమే గిట్టేది కాదు.

అందుకని చుట్టిల్లు పెరట్లో పడేలా, దాని ముందు డాబా కట్టించాడు. ఆమదాలవలస నుంచి సిమెంటు బస్తాలు ఎడ్లబండి మీద వచ్చాయి. శ్లాబు వేసిన రోజు ఊరంతా తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చింది. ముందుముందు పై అంతస్తు వేస్తానని చెప్పి, నాలుగు మూలలా ఇనప ఊచలు మీదికి వదిలిపెట్టాడు. చూసినవాళ్లు ఇల్లింకా పూర్తి కాలేదేమో అనుకునేవారు. అనుకోనీ అని నాన్న మీసం దువ్వుకునేవాడు.

నాన్నకి ముహూర్తాల పిచ్చి ఒకటి ఉండేది. గృహప్రవేశానికి చూడటం సరే, ఫ్యాను మొదటిసారి తిప్పడానికి కూడా ముహూర్తం పెట్టించాడు. ఆ సమయానికి కరెంటు పోయింది. అయినా స్విచ్చి వేసి, ‘మన పని మనం సేసేం, కరెంటోడి పని ఆడు సేస్తాడు’ అని లోపలికి వెళ్లిపోయాడు.

చలికాలం వైభవంగా గడిచింది. వేసవి వచ్చాక డాబా తన గుణం చూపించింది. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రంతా దాన్ని మా మీద కక్కేది. ఫ్యాను ఆ వేడిని గదిలో అందరికీ సమానంగా పంచేది. మా అమ్మ పొద్దున్న రుబ్బిపెట్టిన పిండి మధ్యాహ్నానికల్లా మూత తోసుకుని బయటికి వచ్చేసేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో నాయనమ్మ మీద అందరికీ ప్రేమ పొంగిపోయింది. ఆవిడ డాబాలోకి రానని చెప్పి చుట్టింట్లోనే ఉండేది. భోజనాలు అయ్యీ అవకుండానే, అత్తగారి కాళ్లు పడతానని అమ్మ అటు పరుగు తీసేది. ‘ఇన్నేళ్లూ నా కాళ్లు నీకు కానరాలేదేటే?’ అని నాయనమ్మ నవ్వేది. నేను కథ చెప్పించుకోవడానికని వెళ్లి, కథ మొదలవకముందే నిద్రపోయేదాన్ని. డాబాలో మిగిలేది నాన్న ఒక్కడే. తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, ఎవరైనా వస్తే ‘ఏటి సల్లగా ఉన్నాదో సూడండి’ అనేవాడు. రాత్రుళ్లు నిద్ర లేక ఆయన కళ్లు మాత్రం మిరపపళ్లలా ఉండేవి. బయట మంచం వేసుకోమంటే, డాబా కట్టుకుని బయట పడుకుంటానా అని మా మీద ఎగిరిపడేవాడు.

అలాంటి సమయంలో మా మేనమామ వచ్చాడు. ఆయన నోరు మంచిది కాదు. డాబా అంతా తిరిగి చూసి, మెచ్చుకుని, చివరికి పెరట్లోకి తొంగి చూశాడు.

‘బావా, మెళ్లో టై కట్టుకుని కింద గోసీ ఎట్టుకున్నట్టున్నాది నీ యవ్వారం’ అన్నాడు.

ఆ మాటతో నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, చుట్టిల్లు పడగొట్టి ఆ చోట సిమెంటు గది వేస్తానని ప్రకటించాడు. అమ్మ ముఖం పాలిపోయింది. నాకైతే ఏడుపే వచ్చింది. నాయనమ్మ కాపురానికి వచ్చింది ఆ ఇంట్లోకే. నాన్నని కన్నది ఆ గోడల మధ్యే. గాలివాన వచ్చినప్పుడల్లా ఇరుగుపొరుగు వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి తల దాచుకున్నదీ అక్కడే. ఆ ఇల్లు పోతే ఈ వయసులో ఆవిడ ఆ పెనం మీదికి రావాల్సిందే. ఆవిడ గొడవ చేస్తుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ నేను ఎదురుచూశాను. ఆవిడ చుట్ట వెలిగించుకుని, తీరిగ్గా ఒకే మాట అడిగింది.

‘ఒరే, కట్టినప్పుడు ముహూర్తం సూసేవు. పడగొట్టినప్పుడు సూడవేటి? నువ్వు పుట్టిన కొంప కదా, దానికి ఆ మాత్రం మర్యాద సెయ్యొద్దేటి?’

నాన్న ఆలోచనలో పడ్డాడు. ఫ్యానుకి ముహూర్తం పెట్టించినవాడు పుట్టిన ఇంటికి వద్దంటే బాగుంటుందా? వెంటనే మా ఊరి పంతులుగారికి కబురు వెళ్లింది.

పంతులుగారు పాపం సాధువు. ఊళ్లో తిరిగి తిరిగి మధ్యాహ్నం అలసిపోతే, మా చుట్టింటి అరుగు మీదే కాసేపు నడుం వాల్చి వెళ్లేవారు. పడగొట్టడానికి ముహూర్తం తానెప్పుడూ పెట్టలేదని ఆయన నసిగారు.

‘ఇప్పుడు ఎట్టండి బాబూ’ అంది నాయనమ్మ. ‘ఎండ బాగా కాసే రోజైతే మంచిది. తాటాకు పెళపెళా ఎండి ఉంటాది, లాగడానికి సులువు.’

రోహిణీ కార్తెలో, నడి మధ్యాహ్నం దాటాక ముహూర్తం కుదిరింది. మరో సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఇల్లు పడగొట్టేవాళ్లు ముందు ఆ ఇంట్లో కూర్చుని ఆఖరి ముద్ద తినాలట. అది శాస్త్రంలో ఉందా అని నాన్న అడిగాడు. పంతులుగారు గొంతు సవరించుకుని, ఉందో లేదో చెప్పలేను గానీ కూడదని మాత్రం ఎక్కడా లేదన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ చూస్తే బయట కాకి కూడా లేదు. కప్పు లాగడానికి పిలిచిన కూలీలు ఇద్దరూ, నాన్న, పంతులుగారు తల వంచుకుని చుట్టింట్లోకి వచ్చారు. నాయనమ్మ తెల్లవారుజామునే నేల అలికి, గోడ వారగా నీళ్లకుండలు పెట్టింది. లోపల మసక మసకగా, చల్లగా ఉంది. చోడి అంబలి, అంటే రాగి జావ, రాత్రి పులియబెట్టిన తరవాణి అన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ, కాల్చిన వంకాయ పచ్చడి, ఆపైన గట్టి మజ్జిగ. పంతులుగారు మా ఇంట అన్నం ముట్టరు కాబట్టి ఆయనకి కొబ్బరినీళ్లు, అరటిపళ్లు. నాన్న ఆ వేసవిలో అంత అన్నం తినడం నేను చూడలేదు. ఆవిడ వడ్డిస్తూనే ఉంది.

తిన్నాక ఆవిడ ఈతాకు చాపలు పరిచింది. ‘ఇంకా టైమున్నాది. నడుం వాల్సండి. గుంట లేపుతాది’ అని నన్ను చూపించింది. నాన్న నా వైపు గంభీరంగా చూసి, ‘బేగి లేపాలి, తెలిసిందా?’ అన్నాడు. నేను అంతకంటే గంభీరంగా తల ఊపాను. ఆయన తల చాపకి ఆనడం, గుర్రు మొదలవడం ఒకేసారి జరిగాయి. ఎన్ని రాత్రుల బాకీయో అది. కూలీలు ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. పంతులుగారు కూర్చునే ఉంటానన్నారు గానీ, కాసేపటికి పంచాంగం ఆయన గుండెల మీద పైకీ కిందికీ ఊగుతోంది.

అప్పుడు నాయనమ్మ నా చెవి దగ్గరికి వచ్చి, ‘నువ్వూ తొంగోయే’ అంది. పెద్దల మాట కాదనకూడదని మా బడిలో నేర్పారు. నేను వెంటనే పడుకున్నాను.

లేచేసరికి గేదెలు ఇంటికి వస్తున్నాయి. నాన్న చాప మీద కూర్చుని, చెంప మీద ఈతాకు అచ్చులతో, తాను ఎక్కడున్నదీ పోల్చుకుంటున్నాడు. పంతులుగారు గబగబా పిలక ముడి వేసుకుంటున్నారు. కూలీల్లో ఒకాయన ఇంకా లేవనేలేదు. ముహూర్తం ఏమైందని నాన్న గర్జించబోయాడు గానీ, బాగా నిద్రపోయిన గొంతు కదా, కోపం సరిగా పలకలేదు. మళ్లీ ఎప్పుడుందో చూడమన్నాడు. పంతులుగారు పంచాంగాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి, శ్రావణం దాకా లేదని తేల్చారు. శ్రావణంలో వానలు. వానల్లో ఇల్లెవరు పడగొడతారు? నాయనమ్మ ఒక్క మాట కూడా దెప్పలేదు. అందరికీ బెల్లం నీళ్లు ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నాన్న చుట్టింట్లో కనిపించాడు. తాటాకు ఏ స్థితిలో ఉందో చూసుకోవాలట, పడగొట్టినప్పుడు పనికొస్తుందట. ఆ మర్నాడు గోడ మందం కొలవడానికి వచ్చాడు. కొలుస్తూ కొలుస్తూ పడుకున్నాడు.

నాయనమ్మ అక్కడితో ఆగలేదు. కొడుకు రాత్రుళ్లు డాబాలో ఉడుకుతుంటే ఆవిడ ప్రాణం ఒప్పలేదు. ఒకరోజు నాన్న మంచి హుషారుగా ఉన్నప్పుడు ఆ మాట ఎత్తింది.

‘నీ డాబా గొప్పదేరా. ఎవులు కాదన్నారు? గొప్పోలికి నెత్తిన గొడుగు పట్టరేటి?’

డాబాని తక్కువ చేసి ఉంటే నాన్న వినేవాడు కాదు. గొడుగనేసరికి మెత్తబడ్డాడు. శ్లాబుకి తెల్లగా సున్నం కొట్టించాడు. పై అంతస్తు కోసం వదిలిన ఊచలకి గుంజలు కట్టి, మధ్యలో గాలి ఆడేలా ఎత్తుగా తాటాకు పందిరి వేయించాడు. పడమటి గోడ మీదికి నాయనమ్మ ఆనప పాదు ఎక్కించింది. ఊరంతా వచ్చి పడీపడీ నవ్వింది. మా మేనమామ అయితే డాబాకి జుట్టు మొలిచిందన్నాడు. కానీ ఆ పందిరి కింద డాబా మనుషులుండే ఇల్లయింది, ఫ్యానుకి సగం రోజు సెలవు దొరికింది. తర్వాత ఆ మేనమామ కూడా డాబా కట్టుకుని, మొదటి వేసవిలోనే తాటాకు ఎవరిస్తారని అడుగుతూ వచ్చాడు. నాన్న ఆయన్ని చూసి నవ్వలేదు. రెండు ఆనపకాయలు చేతిలో పెట్టి, పందిరి వేసే మనుషుల్ని పంపించాడు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. నేను శ్రీకాకుళంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఆయన కట్టించిన ఇల్లు ఇది, గోడలు ఇంకా రాయిలా ఉన్నాయి. మొన్న వేసవిలో మా వాడు దీన్ని పడగొట్టి, వీధి వైపంతా అద్దాలతో, గదికో ఏసీతో కొత్తది కడతానన్నాడు. మా మనవరాలు కాలేజీలో చదువుతోంది, తండ్రితో రోజూ యుద్ధమే. సిమెంటు తయారవ్వాలంటే బట్టీలు మండాలనీ, ఇటుకకీ ఇనుముకీ మంట కావాలనీ, కట్టాక ఏసీలు తిరగాలంటే మన కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలాలనీ, ఆ పొగంతా పైకి చేరి ఎండలు ముదురుతున్నాయనీ దాని వాదన. ఎండ ముదిరితే మళ్లీ ఏసీలు. ఒంటి మంటకి కారం రాసుకోవడమే కదా ఇది! అది చెప్పింది నాకు బాగా అర్థమైంది. కానీ అది చెప్పే తీరుకి వాళ్ల నాన్న ఇంకా బిగుసుకుపోతున్నాడు. పాతిల్లు నిలవాలని నాకెంత ఉందో, వాడు నలుగురిలో చిన్నబోకూడదని కూడా అంతే ఉంది. కన్నతల్లిని కదా.

ఒకరోజు వాడు నా పక్కన కూర్చుంటే మా నాన్న సంగతి చెప్పాను, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. నాయనమ్మ కాలం చేసిన ఏడాది, చుట్టింటికి కొత్త తాటాకు కప్పిస్తూ నాన్న నాతో అన్నాడు.

‘ఆవేళ నాకు మెలకువొచ్చిందే అమ్మా. ముహూర్తం ఇంకా ఉన్నాది. కళ్లు తెరిసి సూసేను. మాయమ్మ నా తల కాడ కూకుని ఇసురుతన్నాది. ఎండెక్కడిదాకా వొచ్చిందోనని మాటిమాటికీ గుమ్మం కేసి సూస్తన్నాది. ఆ సెయ్యి వొణుకుతన్నాది. నాను మళ్లీ కళ్లు మూసేసుకున్నాను.’

శ్రావణాలు ఎన్నో వచ్చి వెళ్లాయి. నాన్న ఉన్నంతకాలం ఏడాదికోసారి ఆ కప్పు తనే దగ్గరుండి కప్పించాడు.

మా అబ్బాయి అంతా విని, లేచి డాబా మీదికి వెళ్లి కాసేపు తిరిగి వచ్చాడు. వారం తిరిగాక, పాత గోడలు అలాగే ఉంచి పైన ఒక్క గది, మిగతా అంతా నీడ పందిరి వేస్తే ఎలా ఉంటుందని, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు నన్ను అడిగాడు. చాలా బాగుంటుంది, నాకు తట్టనే లేదు సుమా అన్నాను. లోపలి నుంచి మనవరాలు ఏదో అనబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

దానికి తర్వాత చెప్పాను. నీ లెక్కలన్నీ నిజమే, మానకుండా చెప్పు. కానీ ఎదుటివాడు ఓడిపోకుండా కళ్లు మూసుకోవడానికి ఒక చాప కూడా పరిచి ఉంచు. మా నాయనమ్మ చేసింది అదే. ఆవిడ చెయ్యి ఆ రోజు వణికిందని తెలిసినప్పటి నుంచి, ఎవరితోనైనా గట్టిగా వాదించాల్సి వస్తే ముందు వాళ్లకి అన్నం పెడుతున్నాను.